అరుగు లేని యిల్లు



భిలాయిలో నుద్యోగము చేసిన తెలుగువాడు చిరకాలము ఇల్లు కట్టుకొనలేదు. ఆ యవసర మతనికి రాలేదు. కాగితముపై నొక సంఖ్య వచ్చెడిది. వెనువెంటనే తాళపుచెవి వచ్చెడిది. ఇల్లాలు పాలు పొంగించినదే గృహప్రవేశము. పదవీ విరమణనాడు ఆ తాళపుచెవిని తిరిగి యప్పగించిన పిదపగాని గృహనిర్మాణముతో నతనికి పని పడదు. అప్పటికి వయస్సు అరువది. చేతనున్నది ప్రావిడెంటు ఫండు. స్థలము ఏ ఉతైలోనో చూచినది. నేటి ప్రసంగము ఆ కట్టబోవు యింటిని గూర్చి, అందును ముఖ్యముగా దాని అరుగును గూర్చి.

ఉతై భిలాయికి దక్షిణమున నున్న యూరు. కేంద్ర పారిశ్రామిక భద్రతాదళమువారి శిక్షణకేంద్ర మచట నుండుటచే దూరదేశములలోని తల్లిదండ్రులకును ఆ పేరు పరిచితము. 1955 ఫిబ్రవరి 2వ తేదీన ఉక్కు కర్మాగారమునకై భారత సోవియట్ ప్రభుత్వములకు ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి శ్రీ రాజేంద్రప్రసాదు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. పార్వతీపురముమీదుగా రాయపూరు చేరు రైలుమార్గము 1931 నాటికే పూర్తియై యుండుటచే ఉత్తరాంధ్రులకు ఈ దారి క్రొత్తది కాదు.

చిరునామాలను గూర్చి ఒక్కమాట. పార్వతీపురమునుండి వచ్చిన కుటుంబము నొకదానిని తలచుకొనుడు. వారు వచ్చునాటికి స్వస్థలము శ్రీకాకుళము జిల్లా. 1979లో విజయనగరము జిల్లా. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా. ఇచట చూడబోయిన, 2000 నవంబరు 1వ తేదీన మధ్యప్రదేశము పోయి ఛత్తీస్‌గఢ్ వచ్చినది. కుటుంబము కదలలేదు, రెండు చివరల చిరునామాలును కదలినవి! ఇల్లనునది కాగితముమీది మాటయే యైనచో, పాప మా కుటుంబమునకు ఇల్లే లేదనవలసి వచ్చును.

క్వార్టరు అందరికి నొక్కటియే. వంగీయునకును, కేరళీయునకును, పంజాబీకిని ఒకే కొలతల గదులు. తెలుగు ఇల్లాలు వానిని మార్చలేదు. గడపకు పసుపు పూసినది, వాకిట ముగ్గు వేసినది, తులసిని డబ్బాలో నిలిపినది. ముందరి వరండాను మాత్రము అరుగుగా మార్చివైచినది. ఊరినుండి వచ్చిన అత్తగారు కూర్చుండుట కది చోటు. తాతగారు ఒకదినము ఆలస్యముగా వచ్చిన తెలుగు పత్రికను బిగ్గరగా చదువుట కది చోటు. వార్త పాతదైనను భాష పాతది కాలేదు. బడిలో హిందీయు ఇంగ్లీషును నేర్చిన పిల్లలకు తెలుగు పలుకుబడి ఎవరు నేర్పిరనిన, ఈ మూడడుగుల వరండాయే యని చెప్పవలెను.

ఆ వరండా నేర్పినది వినికిడి మాత్రమే; అక్షరము నేర్పలేదు. మనుమల తరమునకు వచ్చునప్పటికి వినికిడియు పలుచబడినది. అవ్వ తెలుగున నడుగును, మనుమడు హిందీలో బదులు చెప్పును. ఈ సంచికనే పెద్దలు చదువగా పిన్నలు వినవలసిన యిండ్లు కలవు. వినుటకైనను ఒకచోట కూర్చుండవలెను గదా!

అరుగు తెలుగువారి సొత్తు మాత్రమే యనుకొనుట పొరపాటు. ఛత్తీస్‌గఢీ పల్లెయింటికి ముందు పర్ఛీ యుండును; అది వసారా. వెనుక బారీ యుండును, అది పెరడు. ఆ పెరటిలోని అమారీ భాజీ గోంగూరయే. ఇచటి బాసీ తెలుగువారి చల్దియన్నమునకు చుట్టము. తెలుగువారి శ్రావణ బహుళ అమావాస్య ఇచటి పూర్ణిమాంత గణనలో భాద్రపద అమావాస్య. ఆనాడు కోస్తా ఇల్లాండ్రు కందమొక్కను నిలిపి పోలాల అమావాస్య నోతురు. పొరుగింటివారు పోలా పండుగయని మట్టియెద్దులను పూజింతురు, పిల్లలు వానిని చక్రములమీద లాగుదురు, ఠేఠరీ ఖుర్మీలు వండుదురు. మాసము పేరు వేరు, చంద్రుడు ఒక్కడే. అరుగుమీద పళ్లెములు మారినచోట ఈ సంగతి పంచాంగము విప్పకయే తెలిసినది.

పండవానీ మాటయు నట్టిదే. గనియారీలో పుట్టి, భిలాయి కర్మాగారమున నుద్యోగము చేసి, 2019లో పద్మవిభూషణ పురస్కార మందిన తీజన్‌బాయి గారు తంబూర చేతబట్టి భారతకథ చెప్పుచుండగా, ప్రక్కనున్న రాగీ ఊకొట్టుచుండగా, బుఱ్ఱకథ యెరిగిన తెలుగు ప్రేక్షకునకు దుబాసీతో పని యేమి?

మైత్రీబాగు, సివిక్ సెంటరు, సెక్టారు 5లోని బాలాజీ మందిరము ప్రియమైన చోట్లే. కాని అవి సెలవుదినపు చోట్లు. దినదినము కూర్చుండు చోటు ఇంటికే ఉండవలెను.

ఇక నేడు లేచుచున్న యిండ్లను చూడుడు. ముందు ఇనుపగేటు, దాని వెనుక కారు, కారు వెనుక మూసిన తలుపు. తాతగారి చోటును కారు ఆక్రమించినది. అది తెలుగు మాటాడదు. పెరటి నేలనంతయు సిమెంటు చేసినందున కరివేపకును తావు లేదు. వేసవి యెండ దినమంతయు కాచిన కాంక్రీటు కప్పు రాత్రియంతయు వేడి నిచ్చును. ఆ వేడికి లోపల ఏ.సి. పెట్టి తలుపులు మరింత బిగింతురు. పొరుగువారి పేరైన తెలియుట కెట్లు?

అరుగునకు కావలసినది స్వల్పము. ఒకటిన్నర అడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు, వెన్ను చేర్చుటకొక గోడ. తూర్పుముఖపు స్థలమున సాయంకాలము ఇంటినీడయే దానిపై పడును. ప్రక్కన వేపమొక్క నాటినచో కొన్ని యేండ్లకు మధ్యాహ్నపు నీడయు దొరకును. పడమటిముఖపు స్థలము కొన్నవారు అరుగును పెరటివైపు కట్టుకొనవచ్చును. అచటికి తపాలావాడు రాడు గాని, పొరుగింటి అమారీ భాజీ గోడమీదుగా వచ్చును.