అణువులను మోయు నీరు

మన యింటి త్రాసులో బియ్యము తూచినట్లే అణువులను తూచు యంత్రము ఒకటి కలదు. దానికి మాస్ స్పెక్ట్రోమీటరు అని పేరు. 1919లో కేంబ్రిడ్జిలో ఇట్టి యంత్రమును నిర్మించిన ఆస్టన్ పండితుడు 1922లో నోబెల్ బహుమానము పొందెను. ఆ త్రాసునకు నీరు ఎట్లు తోడ్పడుచున్నదో నేటి ప్రసంగమున మేము శ్రోతలకు విన్నవింపదలచితిమి.

ఈ త్రాసునకెక్కవలెనన్న అణువు పైకి లేవవలెను, విద్యుదావేశమును ధరింపవలెను. చిన్న అణువులకు ఇది సులభము. మాంసకృత్తుల వంటి పెద్ద అణువులు కాచినచో లేవకముందే చెడిపోవును. గ్రుడ్డును ఉడికించినచో గట్టిపడునే గాని ఆవిరి కాదు గదా!

1980 దశకములో జర్మనీలో కరాస్, హిలెన్‌కాంప్, జపానులో టనాకా దీనికి ఉపాయము కనుగొనిరి. కాంతిని పీల్చు వేరొక పదార్థముతో అణువులను కలిపి, దానిపై అతినీలలోహిత లేజరును రెప్పపాటుకన్న తక్కువ కాలము ప్రసరింపజేసిరి. దెబ్బ ఆ పదార్థము తినును. అణువు చెక్కుచెదరక లేచును. 2002 నోబెల్ బహుమానములో టనాకాకు భాగము లభించెను.

1990లో హిలెన్‌కాంప్ బృందము పరారుణ లేజరుతోను ఇది సాధ్యమని చూపెను. 2.94 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యముగల పరారుణ కాంతిని నీరు అమితముగా పీల్చుకొనును. కాగిన పెనముపై చిలికిన నీరు చివ్వున లేచునట్లు, తడి పదార్థములోని నీరు ఈ కాంతి సోకినంతనే ప్రేలి, తనతో అణువులను మోసికొని పోవును.

లోపములు లేకపోలేదు. ఈ లేజరు ఒక్కొక్క దెబ్బకు ఎక్కువ పదార్థమును త్రవ్వును. లేచినవానిలో విద్యుదావేశము పొందునవి స్వల్పము. అందుచే 2007లో అమెరికాలోని జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున నెమెష్, వెర్తెష్ అనువారు, లేచిన అణువులకు ఆవేశముగల తుంపరను అడ్డముగా పంపి ఆ కొరత తీర్చిరి. ఆకును ఎండబెట్టక, శూన్యములో ఉంచక, పచ్చిగానే పరీక్షించుటకు వీలు కలిగెను.

ఇక శస్త్రవైద్యుని సంగతి. పుట్టకురుపును కోయునప్పుడు కత్తి ఎచ్చట ఆగవలెను? రోగము మిగిలినచో ప్రాణాపాయము. మంచి కండ పోయినచో అంగనష్టము. ఫ్రాన్సులోని లీల్ పరిశోధకులు 2016లో ప్రకటించిన పద్ధతిలో, పరారుణ లేజరు కణజాలమును రవంత తాకగా, లేచిన అణువులు గొట్టము వెంట యంత్రమును చేరును. వాని తూకములను బట్టి అది రోగకణజాలమా, కాదా యని అప్పటికప్పుడే పోల్చి చూడవచ్చును. ఇది సూక్ష్మదర్శినితో పరీక్షించు వైద్యునికి తోడే గాని బదులు కాదు.

పూర్వము ఈ యంత్రమునకు నీరు అడ్డంకిగా నుండెడిది. మన శరీరమునను, చెట్టు ఆకునను సహజముగానున్న ఆ నీరే ఇప్పుడు అణువులకు వాహనమైనది.