పఠనమందిరమునకు ఏ రంగు?

(బరంపురమున సంఘ సభ్యుల సమావేశమునందు ఒక సభ్యుడు చేసిన ప్రసంగము)



మన పఠనమందిరమునకు రంగు వేయింపవలెనని తీర్మానించి నెల గడచినది. కొందరు లేత నీలమును, కొందరు లేత పసుపును కోరుటచే పని నిలిచియున్నది. గోడ రంగునకై ఇంత చర్చ యేల అని నవ్వినవారును కలరు. కాని సాయంకాలమున మన పిల్లలు తెలుగు అక్షరములు దిద్దుకొనుటకు మనకున్నది ఆ గది యొక్కటే. వృద్ధులు పత్రికలు చదువుకొనునదియు అచ్చటనే. కావున ఇది గది సొగసునకు సంబంధించిన ప్రశ్న కాదు, కంటికి సంబంధించినది.

మొదట నేనును నీలమునే కోరితిని. నా మనస్సు మారుటకు మా యింటి అనుభవమే కారణము. రంగుల పట్టీలో అగ్గిపెట్టెయంత తునకను చూచి మా నడిమి గదికి నీలము వేయించితిని. నాలుగు గోడలకును పడినపిదప అది ఎంతో ముదురుగా తోచినది. ఒక గోడ రంగు ఎదుటి గోడపై పడి మరింత చిక్కబడుట సహజము. మా తండ్రిగారు పంచాంగము చేతబట్టుకొని వీధి యరుగు మీదికి పోవ మొదలిడిరి. నన్నొక్క మాట యనలేదు. రెండు నెలలకు గాని నాకు కారణము తెలియలేదు.

మన మందిరపు కిటికీలు ఉత్తరపు గోడకే కలవు. ఏడాదిలో చాలకాలము అటు నేరెండ రాదు. ఆకసపు వెలుగే వచ్చును. ఆ వెలుగున నీలపు పాలు హెచ్చు. అందు నీలపు గోడ మరింత చల్లగా, నీడపట్టినట్లు కనబడును. లేత పసుపు ఆ కొరతను కొంత తీర్చును. పసుపు వన్నె దీపముల క్రింద నీలము బూడిదవలె మాయును. లేత పసుపు తెలుపునకు దగ్గరగా తేలును. అయితే ముదురు పసుపు వలదు. రంగు ఎంత లేతదైన గోడ అంత వెలుగును తిరిగి యిచ్చును. పైకప్పునకు తెలుపే యుండవలెను.

ఏ రంగైనను డబ్బాపై సీసపు పాలు చూచి కొనుడు. 2016 నాటి నిబంధనలు పది లక్షల పాళ్లకు 90 పాళ్లను మించరాదనుచున్నవి. పిల్లలు చేతులానించు గోడ యిది.

నా మాటపై తీర్మానింప వలదు. రెండడుగుల అట్టలు రెండు తెచ్చి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగు రెండు పూతలు వేసి, బాగుగా ఆరనిండు. తడి రంగును చూచి నిర్ణయింపరాదు. వానిని గోడకానించి మూడు దినములు ఉదయమున, మధ్యాహ్నమున, దీపముల వేళ చూడుడు. పెద్దవారినొకరిని, పిల్లవానినొకనిని వాని చెంత కూర్చుండబెట్టి చదివింపుడు. వారికి ఏది హాయిగానుండునో అదియే మన రంగు. అది నీలమైనచో, నేనే ముందుగా కుంచె పట్టెదను.