మన ఊరి పేరు మోసిన స్పిట్‌ఫైర్

(స్వర్ణోత్సవ సభ రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఇరవై నిమిషాలిచ్చి, "నీ విమానాల గురించి చెప్పు" అన్నారు. నేను ఒక్క విమానం గురించే చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్సులో 152వ నంబరు స్క్వాడ్రన్ అని ఒకటుండేది. దాని పూర్తి పేరు 152వ (హైదరాబాదు) స్క్వాడ్రన్. దాని చిహ్నం మీద ఉన్నది సింహమో గద్దో కాదు, నిజాం తలపాగా, అంటే దస్తార్. కింద రాసి ఉన్న మాట 'నమ్మకమైన మిత్రుడు' అని. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సాయానికి 1918లో ఇంగ్లండు రాజు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇచ్చిన బిరుదు అదే. ఆ తర్వాత యుద్ధం వచ్చినప్పుడు నిజాం మళ్లీ విరాళమిచ్చాడు, స్క్వాడ్రన్‌కు మన ఊరి పేరు పెట్టారు. హైదరాబాదు పేరున్నది ఇదొక్కటే కాదు. హరికేన్ విమానాలు నడిపిన 253వ స్క్వాడ్రన్‌ది హైదరాబాదు స్టేట్ పేరు. మొదటి యుద్ధం నాటి 110వ స్క్వాడ్రన్‌దీ మన పేరే. ఇంత ఉన్నా మన పాఠ్యపుస్తకాల్లో దీని మీద ఒక పేరా నేను చదివిన గుర్తు లేదు.

152వ స్క్వాడ్రన్ 1939 అక్టోబరు 1న ఇంగ్లండు ఉత్తర భాగంలోని ఆక్లింగ్టన్‌లో మళ్లీ ఏర్పడింది. ముందు రెండు వరసల రెక్కల గ్లాడియేటర్లు ఉండేవి, 1940 జనవరి నుంచి స్పిట్‌ఫైర్లు వచ్చాయి. ఆ వేసవిలో జర్మన్ విమానాలు ఇంగ్లండు మీద విరుచుకుపడ్డప్పుడు వీళ్లు దక్షిణ తీరంలో వార్మ్‌వెల్ నుంచి ఎగిరారు. తర్వాత ఉత్తరాఫ్రికా, మాల్టా, సిసిలీ, ఇటలీ. 1943 డిసెంబరులో ఇండియాకు, అక్కణ్నుంచి బర్మా రంగానికి. నేను చేసింది ఆ బర్మా రోజుల స్పిట్‌ఫైర్ మార్క్ 8. మోడల్ చేసేవాళ్లు ఎక్కువగా 1940 నాటి విమానమే చేస్తారు, దానికి గ్లామరెక్కువ. మన ఊరి పేరు మన వైపుకొచ్చిన ఘట్టం నాకు ఎక్కువ నచ్చింది.

కిట్టు 1/48 స్కేలు. అసలు విమానంలో నలభై ఎనిమిది సెంటీమీటర్లుంటే ఇక్కడ ఒక సెంటీమీటరు. స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 36 అడుగుల 10 అంగుళాలు, అంటే ఒక సిటీ బస్సు పొడవుకు దగ్గర. మోడల్లో అది 23 సెంటీమీటర్ల చిల్లర, మూరలో సగం. దాన్ని నడిపే మనిషి నా చిటికెన వేలంత కూడా ఉండడు, మూడున్నర సెంటీమీటర్లు. కిట్టు ధర అడక్కండి. ఇంట్లో చెప్పిన ధర వేరు.

పెట్టె విప్పితే బూడిద రంగు ప్లాస్టిక్ చట్రాలు, వాటికి ద్రాక్షగుత్తుల్లా అంటుకుని ముక్కలు. ముక్కలు అతికించడం రెండు మూడు సాయంత్రాల పని. మిగతా ఐదు నెలలూ పోయింది డిటెయిలింగ్‌కు. ఇది ఓపిక పని అనుకుంటారు చాలామంది. ఓపిక కొంత కావాలి కానీ, నిజానికి ఇది లెక్కల పని. రెక్క వెనక అంచు ప్లాస్టిక్‌లో అర మిల్లీమీటరు మందం ఉందనుకోండి. నలభై ఎనిమిదితో గుణిస్తే అసలు విమానంలో రెండు సెంటీమీటర్ల నలభై. అంత మొద్దు అంచున్న రెక్కతో స్పిట్‌ఫైర్ ఎగిరిందా? అందుకని లోపలి వైపు నుంచి ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది కత్తి అంచులా చేయాలి. రంగూ అంతే. కుంచెతో దట్టంగా వేస్తే పూత పదో వంతు మిల్లీమీటరు వస్తుంది. అసలు విమానం మీద అది అర సెంటీమీటరు పొర, గోడకు సున్నం కొట్టినట్టు. ఎయిర్‌బ్రష్‌తో పొగమంచులా వేయాల్సింది అందుకే.

కాక్‌పిట్‌కే నాకు నెలన్నర పట్టింది. పైన మూత పెట్టేశాక అందులో సగం కనిపించదు, అది వేరే సంగతి. లోపలి రంగు బూడిద కలిసిన ఆకుపచ్చ. సీటు మాత్రం ఆ రంగు కాదు. చాలా స్పిట్‌ఫైర్ల సీటు లోహం కాదు, కాగితపు పొరలను రెసిన్‌లో తడిపి అచ్చుపోసింది. మన పాత బేకలైట్ స్విచ్చుల జాతి, రంగు ఎర్రటి గోధుమ. కాళ్ల దగ్గర చుక్కాని పెడళ్లకు రెండు మెట్లుంటాయి. మామూలుగా కింది మెట్టు. పోరాటంలో గట్టిగా మలుపు తిప్పితే రక్తం తలలోంచి కాళ్లలోకి దిగి కళ్లు చీకట్లు కమ్ముతాయి. కాళ్లు పై మెట్టు మీద పెట్టుకుంటే ఆ దిగడం కాస్త తగ్గుతుంది. ఆ రెండో మెట్టు కిట్టులో ఒక గీతలా ఉంది. దాన్ని చెక్కేసి, పాత టెలిఫోన్ కేబుల్లోంచి తీసిన రాగి తీగతో కొత్తగా చేశాను. ఎవరికి కనిపిస్తుందని అడుగుతారు మా ఇంట్లో. టార్చి వేసి చూస్తే కనిపిస్తుంది.

పక్క తలుపుకు ఒక గడ్డపార లాంటిది తగిలించి ఉంటుంది. మూత ఇరుక్కుపోతే పగలగొట్టుకుని బయటపడటానికి. మోడల్ చేసేవాళ్లు దాదాపు అందరూ దానికి ఎరుపు వేస్తారు, మ్యూజియం విమానాల్లో అలా చూసి. యుద్ధకాలంలో అది లోపలి రంగులోనే ఉండేది. నేనూ ఆకుపచ్చే వేశాను, ఎరుపు వేస్తే చూడముచ్చటగా ఉంటుందని తెలిసీ.

నేల మీద నిలబెట్టిన విమానంలో భాగాలు ఒకదానికొకటి సంబంధంతో ఉండాలి. పైలట్ దిగిపోయాక కంట్రోల్ కర్ర ముందుకు వాలుతుంది. కర్ర ముందుకు వాలితే తోక రెక్కల చివరి పలకలు కిందికి వేలాడతాయి. తోకను వేలాడదీసి, కర్రను నిటారుగా ఉంచితే అది అబద్ధం. ఫ్లాపులు తెరిచి పెడితే లోపలి నిర్మాణం అందంగా కనిపిస్తుంది కానీ, స్పిట్‌ఫైర్ పైలట్లు దిగగానే వాటిని మూసేసేవాళ్లు. కాబట్టి మూసే ఉంచాను. తుపాకుల గొట్టాల మూతి దగ్గర గుడ్డ ముక్కలు అంటించేవాళ్లు, దుమ్ము, తేమ లోపలికి పోకుండా. అవి చినిగి ఉంటే ఆ విమానం కాల్చి వచ్చిందని అర్థం. నా విమానానికి అవి చినగలేదు. ఇంకా బయల్దేరలేదు మరి.

ఇక రంగులు. బర్మా నుంచి మిగిలినవి చాలావరకు నలుపు తెలుపు ఫొటోలు. ముదురు ఆకుపచ్చ, బూడిద మచ్చలు వేశాను, పొట్టకు లేత బూడిద. పిల్లలు గమనించాల్సింది రెక్కల మీద గుండ్రటి గుర్తు. బ్రిటిష్ విమానం గుర్తు మధ్యలో ఎర్ర చుక్క ఉంటుందని సినిమాల్లో చూసి ఉంటారు. ఇక్కడ లేదు. జపాన్ విమానాల మీద గుర్తు ఎర్రటి సూర్యబింబం. దూరం నుంచి ఎరుపు చూసి సొంతవాళ్లనే కాల్చే ప్రమాదం ఉందని మన వైపు రంగంలో ఎరుపును పూర్తిగా తీసేశారు. ముదురు నీలం మధ్యలో లేత నీలం మాత్రమే మిగిలింది. దాని మీదుగా ముందుకు దూకుతున్న నల్ల చిరుతను 152వ స్క్వాడ్రన్ వాళ్లు వేసుకున్నారు, పక్కన యూఎం అక్షరాలు. ఆ చిరుత కోసమే ఈ విమానం చేశానంటే ఒప్పుకుంటాను. నీళ్లలో నానబెట్టి జార్చి అతికించే పల్చటి బొమ్మ అది. తోక కొస మడత పడకుండా కూర్చోబెట్టేసరికి ఒక ఆదివారం గడిచింది. చివర్న దుమ్ము. చక్రాలకు, రెక్క మొదట్లో మెకానిక్కులు తొక్కే చోట, రంగు సుద్దముక్కలు నూరి పూశాను. సుద్దముక్కలు ఈ స్కూలువే, సైన్సు మాస్టారు ఇచ్చారు.

ఇక్కడిదాకా బొమ్మ. దీన్ని మన సోషల్ గదిలో పెట్టడానికి ఇస్తానన్నప్పుడు, కింద పలక మీద ఏం రాయాలన్న ప్రశ్న వచ్చింది. నాకు మోడల్ కంటే అదే కష్టమైంది.

ఒక మిత్రుడన్నాడు: "ఇంగ్లండు రాజు విమానం, నిజాం తలపాగా. ఇది మనదెట్లయితది?" అతని మాటలో బలముంది. నడిపినవాళ్లలో ఎక్కువమంది బ్రిటన్, కామన్‌వెల్త్ దేశాల కుర్రాళ్లు. ఇంకో మిత్రుడు, "ప్రపంచ యుద్ధంలో హైదరాబాదు పేరు ఎగిరింది, గర్వంగా రాయి" అన్నాడు. ఇద్దరితోనూ నేను పూర్తిగా ఏకీభవించలేకపోయాను.

ఎక్కడో జరిగిన యుద్ధం అనడానికి లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మన బేగంపేటలో కొత్త పైలట్లకు శిక్షణ జరిగేది. బర్మా దాటి వచ్చే దాడిని ఆపినవాళ్లలో ఈ చిరుత గుర్తువాళ్లూ ఉన్నారు. అది చిన్న విషయం కాదు.

కానీ డబ్బు? విరాళం నిజాం పేరున వెళ్లింది. నిజాం పొలం దున్నలేదు. హైదరాబాదు చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా ప్రాంతమంతా ఆయన సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్. మిగతా సంస్థానంలో జాగీర్దార్లు, దేశ్‌ముఖులు, దివానీ శిస్తు. ఏ ఖాతాలోంచి తీసినా అడుగున ఉన్నది రైతు. అదే యుద్ధకాలంలో తెలంగాణ పల్లెల్లో లెవీ ధాన్యం ఎట్లా వసూలు చేశారో మన తాతల తరానికి ఎవరూ చెప్పక్కర్లేదు. గింజలు గాదెల్లోంచి బలవంతంగా కొలుచుకుపోయారు. ఆ కోపం తర్వాత సాయుధ పోరాటంలో కనిపించింది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం మీదికి యుద్ధ విమానాలు నిజంగానే వచ్చాయి. భారత వైమానిక దళం టెంపెస్టులవి. బ్రిటన్‌లో తయారైన ఫైటర్లే. 'నమ్మకమైన మిత్రుడు' అన్న బిరుదు ఆ ఐదు రోజుల్లో ఆయనకు ఏ మాత్రం పనికిరాలేదు.

అందుకని పలక మీద ఇలా రాశాను: "152వ (హైదరాబాదు) స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ మార్క్ 8, బర్మా రంగం. స్క్వాడ్రన్‌కు ఈ పేరు ఏడో నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తు. ఆ విరాళానికి మూలం హైదరాబాదు సంస్థానపు రైతులు కట్టిన శిస్తు." చివరి వాక్యం పిల్లల బొమ్మ కింద అవసరమా అని నిర్వాహకుల్లో ఒకరు మర్యాదగానే అడిగారు. సీటు రంగు కోసం వారం తిరిగినవాణ్ని, గడ్డపారకు అబద్ధపు ఎరుపు వేయనివాణ్ని, ఎవరి డబ్బో చెప్పకుండా ఎట్లా వదిలేస్తాను? ఆ వాక్యం ఉంటేనే మోడల్ ఇస్తానన్నాను. నిన్న సాయంత్రం పలకను స్క్రూలతో బిగించారు. నాలుగు స్క్రూలు.

టైమైపోతోందని సెక్రటరీ గారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను.

తర్వాత చేయబోయేది 1918 నాటి డీహెచ్9ఏ. 110వ స్క్వాడ్రన్ విమానాలు నిజాం కానుక, ఆ మాట ఒక్కో విమానం మీద రాసి ఉండేది. వాటిలో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో ఉండి, రెండో యుద్ధం తర్వాత పోలండులో తేలింది. 1977లో లండన్‌లోని ఆర్ఏఎఫ్ మ్యూజియం దాన్ని వెనక్కి తెచ్చుకుంది. బదులుగా పోలండుకు ఏమిచ్చారో తెలుసా? ఒక స్పిట్‌ఫైర్! ఆ ఎఫ్1010 ఇప్పటికీ అక్కడే ఉంది, హైదరాబాదు పేరుతో సహా.

అది కొయ్య, గుడ్డ, తీగలతో కట్టిన విమానం. రెండు రెక్కల మధ్య తీగలు డజన్ల కొద్దీ. ప్లాస్టిక్ చట్రం ముక్కను మంట మీద వేడి చేసి సాగదీస్తే వెంట్రుక సన్నపు తీగ వస్తుంది, వాటితో కట్టాలి. ముక్కు మీది అక్షరాలు ఒక్కో మిల్లీమీటరు కూడా ఉండవు. నా కళ్లకు అవి ఇక ఆనడం లేదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో చెయ్యి వణకని పిల్లలు నలుగురు కావాలి. శనివారం మధ్యాహ్నాలు, సోషల్ గదిలో. మంట దగ్గర పని మాత్రం నేనే చేస్తాను. పేర్లు సోషల్ టీచరుగారికి ఇవ్వండి.