సరిహద్దులో మీ ఫోను

మార్కాపురం, గిద్దలూరు, కంభం నుంచి అమెరికా చదువులకు వెళ్లే పిల్లలూ, వాళ్లను పంపే తల్లిదండ్రులూ కాసేపు వినండి.

అక్కడ విమానం దిగగానే అధికారి మీ ఫోను చూపించమనవచ్చు. కోర్టు వారెంటు లేకుండానే అడుగుతారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. నిజమే. కానీ ఆ రక్షణ అమెరికా విమానాశ్రయంలో పనిచేయదు.

పాస్‌వర్డు చెప్పనంటే ఏమవుతుంది? అమెరికా పౌరుడైతే ఫోనును అధికారులు తమ దగ్గర ఉంచేసుకోవచ్చు గానీ, మనిషిని ఆ కారణంతో దేశంలోకి రానివ్వకుండా ఆపరు. వీసా మీద వెళ్లినవారినైతే వెనక్కే పంపేయొచ్చు. మన పిల్లల్లో ఎక్కువమంది వెళ్లేది వీసా మీదే. ఈ తేడా గుర్తుంచుకోండి.

అలాగని హక్కులే లేవనుకోకండి. వాళ్ల నిబంధనల ప్రకారమే ఫోనులో ఉన్నదే చూడాలి. ఇంటర్నెట్‌లో దాచుకున్నవి తెరవకూడదు. ఫోను తమ దగ్గర ఉంచుకుంటే రసీదు ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

అమ్మ వైద్యం కాగితాలు, బ్యాంకు పత్రాలు, ఇంట్లోవాళ్ల ఫొటోలు అన్నీ ఫోనులో మోసుకెళ్లడం ఎందుకు? బయల్దేరే ముందే వాటిని వేరేచోట భద్రం చేయండి. అధికారి ఎదుట మాత్రం ఏదీ చెరపకండి, అబద్ధం చెప్పకండి.