ఊరేగింపు పాటల కూర్పు – పంచాయతీల బాధ్యత

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా!

పంటలను గూర్చియు, మంచినీటిని గూర్చియు, వీధి దీపములను గూర్చియు మీ యెదుట ప్రసంగించినవారు అనేకులు. నేడు మేము చెప్పబూనిన విషయము కొంచెము క్రొత్తది. పెండ్లి ఊరేగింపులందును, వినాయక నిమజ్జనమందును బండిపై స్పీకరు పెట్టెలు కట్టి పాటలు వినిపించు డీజే పనిని మీరెల్లరు ఎరుగుదురు. ఆ పాటలను కంప్యూటరుపై కత్తిరించి కూర్చు విద్యను గూర్చి మాటలాడదలచితిమి.

"ఇది కుర్రవాండ్ర వేడుక గదా, పంచాయతీకేమి పని?" అని మీరనవచ్చును. ఆ మోతకు తాళలేని వృద్ధులును, పసిబిడ్డల తల్లులును మొదట వచ్చి తట్టునది మీ తలుపే. ఆ పనితో పొట్ట పోసికొను యువకులును మీ యూరివారే. కావున ఉభయుల మేలును మీరే ఆలోచింపవలసి యున్నది.

ఇటీవల ఒక గ్రామమున పెండ్లి ఊరేగింపును చూచితిమి. అందరును పాటకు తగినట్లు అడుగు వేయుచుండగా, అది హఠాత్తుగా తెగి, వేరొక నడకగల పాట మొదలయ్యెను. అడుగులు తడబడి ఆట నిలిచిపోయెను. వెంటనే డీజే కుర్రవాడు ధ్వని పెంచెను. మరల పాట మారెను, మరల ఆట నిలిచెను, మరల ధ్వని పెరిగెను. కూర్పులోని లోపమును మోతతో కప్పుచున్నాడని మాకు తోచినది.

ఇంతకు ఈ కూర్పు ఎట్లు జరుగును? పాటను కంప్యూటరులో తెరచినపుడు అది తెరపై అలల గీతవలె కనబడును. పెద్ద దెబ్బ పడినచోట అల పైకి లేచును. దానిని చూచుచు, వినుచు కావలసినచోట కోయవచ్చును, అతుకవచ్చును. ఇందులకు పనికివచ్చు సాఫ్టువేరులలో ఆడాసిటీ యొకటి. 2000 సంవత్సరమున మొదట వెలువడిన దీనిని ఎవరైనను వెల లేకుండ పొందవచ్చును.

మొదటి పని నడకను కొలుచుట. నిమిషమునకు పడు దెబ్బల సంఖ్యను డీజేలు బీపీయం అందురు. ఒక పాట నడక 100, మరియొక దాని నడక 104 అయినచో, మొదటిదానిని నూటికి 4 వంతులు వేగపరచిన రెండును కలియును. పూర్వము టేపును వేగముగా త్రిప్పినచో గొంతు కీచుమనెడిది. ఇప్పుడు శ్రుతి మారకుండ వేగమును మాత్రమే మార్చవచ్చును. అయినను మార్పు స్వల్పమైనపుడే గొంతు సహజముగా నుండును. నడకలో మిక్కిలి భేదమున్న పాటలను బలవంతముగా జతపరుపరాదు.

రెండవ పని కోత. తాళపు ఆవృత్తి పూర్తియైన చోటనే కోయవలెను. 120 నడకలో 16 దెబ్బలకు 8 సెకండ్లు పట్టును. ఆ 8 సెకండ్లలో మొదటి పాట మెల్లగా తగ్గుచుండగా రెండవది పెరుగుచు రావలెను. అప్పుడు రెండింటి బేసు ఒక్కసారిగా మ్రోగకుండ ఒకదానిని తగ్గింపవలెను.

మూడవది ధ్వనిని సమపరచుట. పాత పాట మెల్లగను, క్రొత్త పాట పెద్దగను నుండుట కలదు. వీనిని ముందుగనే సరిచేసినచో ఊరేగింపులో మాటిమాటికి మీట త్రిప్పనక్కరలేదు. అల హద్దు దాటిన యెడల దాని కొన తెగి చదునై, పెట్టెలలో గరగర పుట్టును. దీనిని క్లిప్పింగు అందురు. ధ్వని యెంత పెంచినను ఆ గరగర పెరుగునే కాని తగ్గదు.

ఇక చెవుల మాట. 85 డెసిబెళ్ల ధ్వనిలో దినమునకు 8 గంటలు పనిచేయుట హద్దని అమెరికా దేశపు వృత్తి ఆరోగ్య సంస్థ సూచించినది. 3 డెసిబెళ్లు పెరిగిన కొలది ఆ కాలము సగమగును. ఈ లెక్కన 100 డెసిబెళ్లకు హద్దు 15 నిమిషములే. పెట్టెల ప్రక్కన గంటలకొలది నిలుచువాడు ఆ డీజే యువకుడే. పెద్ద మోతవలన ఒకసారి చెడిన లోపలి చెవి మరల బాగుపడదు. చెవియే పెట్టుబడిగాగల వృత్తిలో ఇంతకు మించిన నష్టమేమున్నది?

చట్టమును గూడ తెలిసికొనవలెను. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము లౌడుస్పీకరుకు వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు ఆరుబయట దానిని వాడరాదు. ఉత్సవ దినములలో అర్ధరాత్రివరకు సడలింపు నిచ్చు అధికారము, ఏడాదికి 15 దినములకు మించకుండ, రాష్ట్ర ప్రభుత్వమునకు కలదు. నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు ప్రమాణము. 2024 అక్టోబరులో హైదరాబాదు నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించిరి. మోతనే నమ్ముకొన్నచో జీవనోపాధికే ముప్పు రాగలదని దీనివలన గ్రహింపవచ్చును.

కావున ఊరేగింపునకు ముందే పెండ్లివారిని, డీజే యువకులను పిలిపించి దారిని, వేళను నిర్ణయింపుడు. దారిలో ఆసుపత్రి, బడి ఉన్నచోట పాట నిలుపునట్లు ఒప్పింపుడు. కూర్పును ఒక గదిలో తక్కువ ధ్వనిపై వినిపింపుమని అడుగుడు. అక్కడ అతుకులు తెలియకుండ సాగినచో అది మంచి కూర్పు. పాఠశాలలోగాని గ్రంథాలయములోగాని కంప్యూటరున్నచో సెలవు దినములలో వారి అభ్యాసమునకు వీలు కల్పింపుడు.

మరియొక మనవి. డీజేలు వచ్చిన పిదప మీ యూరి డప్పు కళాకారులకు పిలుపులు తగ్గియుండవచ్చును. వారి సమ్మతితో, తగిన ప్రతిఫలమిచ్చి, వారి దరువును రికార్డు చేయించి కూర్పులో చేర్పింపుడు. చేతి దరువు నడక నడుమనడుమ కొంచెము మారును గనుక దానిని చిన్న భాగములుగా కొలిచి జతపరుపవలెను. ఓర్పుగల యువకునికి అది అసాధ్యము కాదు. ఊరేగింపులో ఆ కళాకారులే కొంతసేపు స్వయముగా వాయించినచో మరియు మేలు.

రాబోవు పండుగకు ముందే మీ యూరి యువకులతో ఈ మాటలు ముచ్చటింతురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాము.