పాలలోని బాక్టీరియా – ఆకారాలు, తెగలు
(పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సూక్ష్మదర్శినిలో బాక్టీరియా ముఖ్యంగా మూడు ఆకారాల్లో కనిపిస్తుంది. పూసల్లా గుండ్రనివి కోకస్‌లు, కడ్డీల్లాంటివి బాసిల్లస్‌లు, మూడోరకం మెలితిరిగినవి. వీటిని ఈ పూటకు వదిలేద్దాం. పూసలు దండలా ఉంటే స్ట్రెప్టోకోకస్, ద్రాక్షగుత్తిలా ఉంటే స్టాఫిలోకోకస్.

అయితే ఆకారం చూసి గుణం చెప్పలేము. పాలను పెరుగు చేసే లాక్టోబాసిల్లస్ కడ్డీయే, పేడనుంచి పాలలో పడే కోలీఫారమూ కడ్డీయే. 1884లో డెన్మార్క్ వైద్యుడు గ్రామ్ ప్రకటించిన రంగు పరీక్షలో మొదటిది ఊదాగా, రెండవది గులాబీగా తేలుతుంది.

ఒక్కోసారి రంగూ చాలదు. పెరుగులోని స్ట్రెప్టోకోకస్ థర్మోఫిలస్, పొదుగువాపు తెచ్చే స్ట్రెప్టోకోకస్ అగలాక్టియే రెండూ పూసల దండలే, రెండూ ఊదారంగే! 45 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో మొదటిది పెరుగుతుంది, రెండవది పెరగదు. ఇలాంటి గుణాలనుబట్టే శాస్త్రజ్ఞులు తెగలు విడదీస్తారు.

మన కొట్టంలో సూక్ష్మదర్శిని ఉండదు. గిన్నె మూతికి నల్లగుడ్డ కట్టి, ప్రతి చన్ను మొదటి రెండుమూడు ధారలు దానిమీద పితకండి. విరిగిన తునకలు కనిపిస్తే ఆ పాలు సంఘం క్యానులో పోయవద్దు. ఆ పశువును ఆనాడే డాక్టరుకు చూపించండి.