పిల్లల ఆటకు పెద్దల కట్టుబాట్లు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో, ఉట్నూరు ప్రాంత గూడేల పిల్లలకు ఖో-ఖో, కబడ్డీ నేర్పుతున్న మా యువజన క్రీడా క్లబ్బు తరఫున తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఆగస్టు 9న మనం ఇలా కలుసుకుంటాం. జెండా ఎగరేస్తాం, కొమురం భీంను తలచుకుంటాం, డోలు, తుడుం మోగిస్తాం, మన హక్కుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి సంఘం పెద్దలు మమ్మల్ని పిలిచి క్లబ్బు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. గెలిచిన కప్పుల లెక్క చెప్తామని మీరు అనుకొని ఉంటారు. అవి అక్కడ బల్ల మీద ఉన్నాయి, వెళ్లేటప్పుడు చూడండి. ఇవాళ మాట్లాడేది పిల్లల గురించి కాదు, మన గురించి. అంటే వాళ్లను మైదానానికి పంపే తల్లిదండ్రుల గురించి, నేర్పే మా గురించి.

ఒక పాప కథతో మొదలుపెడతాం. ఎనిమిదో తరగతి, ఖో-ఖో ఆడుతుంది. పోల్ డైవ్ కొట్టిందంటే చూసినవాళ్లు నోరు తెరవాల్సిందే. పోయిన ఏడు మండల పోటీల్లో వాళ్ల నాన్న మొదటిసారి ఆట చూడటానికి వచ్చాడు. గీత పక్కన నిలబడి మొదటి నిమిషం నుంచే అరవడం మొదలుపెట్టాడు. పాప తరుముతోంది. తప్పించుకునే అమ్మాయి వెనక్కి మళ్లింది. నాన్న "వెనక్కి తిరుగు, తిరుగు!" అన్నాడు. పాప తిరిగింది. రిఫరీ ఈల వేసి ఫౌల్ ఇచ్చాడు.

ఖో-ఖో తెలిసినవాళ్లకు ఇది తెలుసు. తరిమే పిల్ల ఒక దిక్కు పట్టిందంటే ఆ వైపు స్తంభం దాకా పోవాల్సిందే, మధ్యలో వెనక్కి తిరగకూడదు. వెనక్కి పోవాలంటే కూర్చున్న జోడీని వెనక నుంచి తట్టి "ఖో" ఇవ్వాలి. నాన్నకు ఆ నియమం తెలియదు. పాపకు తెలుసు. కానీ నాన్న గొంతు వినపడగానే తెలిసింది మరిచిపోయింది. ఆ రోజు జట్టు ఓడింది. ఇంటికి పోయే దారి పొడుగునా తిట్లే. పాప మూడు వారాలు ప్రాక్టీసుకు రాలేదు. మా అక్కయ్య ఒకరు ఇంటికి వెళ్లి అడిగితే పాప ఒకే మాట చెప్పింది. "ఓడిపోతే భయం లేదక్కా. నాన్న చూడటానికి వస్తాడంటేనే భయం."

ఆ మాట మా కమిటీని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఆ నాన్న చెడ్డవాడు కాదు. కూతురి ఆట కోసం ఒక రోజు కూలి వదులుకుని వచ్చిన మనిషి. ప్రేమ ఉంది, కానీ దాన్ని మైదానం పక్కన ఎలా చూపాలో ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు. పిల్లలకు నియమాలు నేర్పాం, పెద్దలకు నేర్పలేదు. అందుకే ఈ కట్టుబాట్లు రాసుకున్నాం.

మొదటి కట్టుబాటు. ఆట జరుగుతుండగా సలహాలు వద్దు, చప్పట్లు చాలు. ఖో-ఖోలో ఎనిమిది మంది ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి కూర్చుంటారు. వెనక నుంచి వచ్చే "ఖో" వినే లేవాలి. ముందే లేస్తే ఫౌల్. బయట నుంచి పది మంది "లే, లే!" అంటే ఆ పిల్ల ఏ గొంతు వినాలి? కబడ్డీలో కూతకు ఉండేది 30 సెకన్లు. ఆ 30 సెకన్లలో కూత పట్టాలి, కాలు చూసుకోవాలి, ఎదుటి ఏడుగురినీ కనిపెట్టాలి. దానికి మీ కేక కూడా తోడైతే పిల్లవాడు ఏం చేస్తాడు? పేరు పెట్టి పిలవండి, శభాష్ అనండి. ఏం చేయాలో కోచ్ చెప్తారు.

రెండోది, ఎదుటి జట్టు మన అతిథి. ఇది మేము కొత్తగా కనిపెట్టింది కాదు. దీపావళి రోజుల్లో పక్క ఊరి దండారి మన ఊరికి వస్తే మనం ఏం చేస్తాం? వాయిద్యాలతో ఎదురెళ్లి పిలుచుకొస్తాం. విడిది ఇస్తాం, వండి పెడతాం, వాళ్ల ఆట బాగుంటే బాగుందని మెచ్చుకుంటాం. మర్నాడు మర్యాదగా సాగనంపుతాం. వచ్చినవాళ్ల ఆట మనకంటే బాగుందని ఎవరూ రాళ్లు విసరరు. మైదానానికి వచ్చిన జట్టు కూడా అంతే. వాళ్లూ ఎవరో తల్లి కన్న పిల్లలే. వాళ్ల బిడ్డ పడిపోతే మన నీళ్ల బాటిల్ ముందు పోవాలి. ఎదుటి జట్టు కులం పేరో, గూడెం పేరో, తెగ పేరో ఎత్తి ఎవరైనా మాట తూలితే, వాళ్ల పిల్ల మా ఉత్తమ క్రీడాకారిణి అయినా సరే, ఆ పెద్ద మనిషి ఆ ఏడాది మైదానానికి రాకూడదు. పిల్ల మాత్రం ఆడుతుంది. పెద్దల తప్పుకు పిల్లకు శిక్ష వేయం.

మూడోది, తాగి రావద్దు. ఇప్పపువ్వు మన దేవుళ్ల దగ్గర ఉంది, మన ఆచారంలో ఉంది. ఉండాల్సిన చోట ఉండనివ్వండి. మైదానం ఆ చోటు కాదు. ఇప్పపువ్వే తేవాలనుకుంటే మన ఉట్నూరు ఆడబిడ్డలు చేసే లడ్డూలు తెండి, జట్టంతా తింటుంది.

నాలుగోది, తగువు వస్తే అక్కడికక్కడ తేల్చుకోవద్దు. రిఫరీ తప్పు చేయవచ్చు, కోచ్ తప్పు చేయవచ్చు. "మా వాణ్ని ఎందుకు ఆడించలేదు" అని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. కానీ ఊళ్లో తగువొస్తే దారి మీద కొట్టుకోం కదా. పెద్దల ముందు కూర్చుంటాం, రెండు వైపులా చెప్పుకుంటాం. ఇక్కడా అంతే. ఆ రాత్రి గడవనివ్వండి. మర్నాడు కమిటీ దగ్గరికి రండి. మీ మాట పూర్తిగా వింటాం.

ఐదోది, పుట్టిన తేదీ గురించి అబద్ధం వద్దు. మన పిల్లలు చాలామంది ఇంట్లోనే పుట్టారు, అప్పట్లో రాయించలేదు. అందుకే ఆధార్ కార్డుల్లో ఎంతోమందికి పుట్టినరోజు జనవరి 1. తెలియక పడిన తేదీ వేరు. అండర్-14లో ఆడించడానికి కావాలని రెండేళ్లు తగ్గించడం వేరు. అలా తగ్గిస్తే ఒక్క కప్పు వస్తుందేమో గానీ, నిజంగా పదమూడేళ్లున్న ఇంకో గూడెం బిడ్డ చోటు మనం లాక్కున్నట్టే. పట్టుబడితే మన పిల్లవాడే నిషేధం మోస్తాడు, సంతకం పెట్టిన మనం కాదు.

ఆరోది అన్నిటికన్నా ముఖ్యం. పిల్లల ఆరోగ్యం దాచవద్దు. మన తెగల్లో సికిల్ సెల్ ఉంది. దీనిమీద కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లందరికీ రక్త పరీక్షలు చేయాలన్నది దాని ఉద్దేశం. ఈ జబ్బు తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వస్తుంది. తాకితే రాదు, కలిసి తింటే రాదు. ఎవరి పాపమూ కాదు, ఎవరి శాపమూ కాదు. కానీ జబ్బున్న పిల్లవాడు ఎండలో నీళ్లు తాగకుండా విడవకుండా పరుగెత్తితే ఒళ్లు నొప్పులతో పడిపోతాడు, ప్రాణం మీదికి రావచ్చు. చలిగాలికి తడిసినా ప్రమాదమే. పెళ్లి సంబంధం చెడుతుందని కొందరు దాస్తున్నారు. మీ భయం మాకు అర్థమవుతుంది. అందుకే మా మాట ఇస్తున్నాం. ఆ కాగితం కోచ్ దగ్గరే ఉంటుంది, ఇంకొకరి చేతికి పోదు. కార్డు చూపినంత మాత్రాన పిల్లను పక్కన కూర్చోబెట్టం. డాక్టరును అడిగి ఎంత ఆడవచ్చో అంత ఆడిస్తాం. నీళ్లకూ నీడకూ విరామం ఇస్తాం.

ఏడోది, బడి మానిపించి ఆటకు పంపవద్దు, ఆట మానిపించి పత్తికి పంపవద్దు. పత్తి ఏరే రోజుల్లో ఇంట్లో ప్రతి చెయ్యీ అవసరమే. మేమూ ఆ ఇళ్లలోంచే వచ్చాం. అందుకే పత్తి ఏరే నెలల్లో ప్రాక్టీసును తెల్లవారుజాముకు మార్చాం. వారానికి మూడు రోజులు చాలన్నాం. ఆ మూడు రోజులు మాత్రం పిల్లలవి. ఇక ఆడపిల్లల విషయం. బాగా ఆడుతున్న పిల్లకు పదో తరగతి దాటగానే సంబంధం చూడటం ఇంకా ఆగలేదు. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చట్టం ప్రకారం నేరం. చట్టాన్ని పక్కన పెట్టినా, ఆ పిల్ల కళ్లలోకి ఒకసారి చూసి నిర్ణయం తీసుకోండి. నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. పర్వతం ఎక్కింది ఆమె. కానీ పంపడానికి ఒప్పుకున్న ఆ తల్లి, తండ్రి గుండె ఎంత గట్టిదో ఆలోచించండి.

ఇప్పటిదాకా మీకు చెప్పాం. ఇక మాకు మేము పెట్టుకున్నవి వినండి.

ఆడపిల్లల జట్టు ఎక్కడికి వెళ్లినా ఒక మహిళ తోడు ఉంటుంది. ఏ కోచ్ అయినా ఏ పిల్లతో, పిల్లవాడితో ఒంటరిగా గదిలో ఉండకూడదు, బండి మీద తీసుకుపోకూడదు. రాత్రి బస ఎక్కడో, ఎప్పుడు తిరిగొస్తామో ముందే రాసి ఇస్తాం. మీ సంతకం లేకుండా పిల్ల ఊరు దాటదు. పిల్లల మీద అఘాయిత్యం జరిగిందని తెలిస్తే కమిటీలో కూర్చుని సర్దుబాటు చేయడానికి వీల్లేదు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడమూ నేరమే. మా మీదే అనుమానం వస్తే మమ్మల్ని అడగనక్కర్లేదు. 1098కి ఫోన్ చేయండి. ఈ నంబరును పిల్లలకు కంఠతా నేర్పించాం.

కోచ్ పిల్లను కొట్టడు. బూతు మాట అనడు. వచ్చే ప్రతి రూపాయీ, పోయే ప్రతి రూపాయీ నోటీసు బోర్డు మీద ఉంటుంది. ఫీజు కట్టలేని ఇంటి పిల్ల పేరు బయటికి రాదు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్ల కింద కబడ్డీ ఫైనల్ ముందు ఒక అబ్బాయి మోకాలు వాచింది. వాడు కుంటుతున్నాడని మాకు కనపడుతూనే ఉంది. వాళ్ల నాన్న "ఏం కాదు, ఆడించండి" అన్నాడు. మేము వద్దనాల్సింది. కప్పు కళ్లముందు కనపడింది, ఆడించాం. కప్పు వచ్చింది. ఆ బిడ్డ నాలుగు నెలలు సరిగ్గా నడవలేదు. పరీక్షలకు అన్న భుజం పట్టుకుని వెళ్లాడు. ఆ కప్పు కూడా ఆ బల్ల మీదే ఉంది. దాన్ని తీసేయలేదు, చూసిన ప్రతిసారీ గుర్తుండాలని ఉంచాం. ఆ కుటుంబానికి ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పాం, ఈ సభలో మళ్లీ చెప్తున్నాం. ఇక మీదట నొప్పి ఉందని పిల్ల చెప్తే ఆ మాటే ఆఖరు. కోచ్ అన్నా, తండ్రి అన్నా, ఊరంతా అన్నా ఆడించం.

పెద్దలారా, జైపాల్ సింగ్ ముండా పేరు మీరు వినే ఉంటారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు కెప్టెన్. తర్వాత అదే మనిషి రాజ్యాంగ సభలో నిలబడి ఆదివాసీల తరఫున మాట్లాడాడు. ఆట అందరినీ ఒలింపిక్స్‌కు తీసుకుపోదు. మా పిల్లల్లో ఎక్కువమంది జిల్లా దాటకపోవచ్చు. కానీ నియమానికి కట్టుబడటం, ఓడినా తల ఎత్తుకుని చెయ్యి కలపడం, నలుగురిలో నిలబడి మాట్లాడటం ఇక్కడే నేర్చుకుంటారు. అవి రేపు గ్రామసభలో పనికొస్తాయి, ఆఫీసు గుమ్మం ముందు పనికొస్తాయి. మనం గీత పక్కన నిలబడి బూతులు తిడితే వాళ్లు నేర్చుకునేది అదే.

మొదట చెప్పిన పాప సంగతి చెప్పి ముగిస్తాం. వాళ్ల నాన్న ఒకరోజు మా దగ్గరికి వచ్చాడు. గొడవకు వచ్చాడనుకున్నాం. కూర్చుని, "ఆ ఆట ఏంటో నాకూ నేర్పండి" అన్నాడు. నేల మీద పుల్లతో గీతలు గీసి నేర్పాం. తర్వాతి పోటీకి తువ్వాలు కొస నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు, నోరు జారుతుందేమోనని! పిల్లలంతా నవ్వారు. పాప కూడా నవ్వింది. ఆ రోజూ జట్టు ఓడింది. ఇంటికి పోయేటప్పుడు పాప నాన్న బండి వెనక కూర్చుని దారంతా ఆట గురించే చెప్పిందట. ఆ అన్న ఇవాళ ఈ సభలోనే ఉన్నాడు. ఆయన చెప్పమంటేనే చెప్పాం. ఇప్పుడు మా జట్టుకు నీళ్ల బిందె మోసేది ఆయనే.

కట్టుబాట్ల కాగితం బయట బల్ల మీద ఉంది. చదవడం రానివాళ్లకు మేము చదివి వినిపిస్తాం, గోండీలోనూ చెప్తాం. నచ్చితే సంతకమో, వేలిముద్రో వేయండి. నచ్చని మాట ఉంటే మాతో అనండి, కలిసి మార్చుకుందాం. పిల్లల సంతకం మాత్రం అడగం. వాళ్లు తమ నియమాలు ఇప్పటికే పాటిస్తున్నారు.

జై సేవా! జై కొమురం భీం!